పిసరుకి ఆరు నెలలు

ఆ ఎండాకాలమంతా మా అక్కకీ నాకూ మధ్య ఒకటే ప్రశ్న తిరిగింది: ఎప్పుడు? ఏం చేయించాలన్నదాని మీద పేచీ లేదు. పిసరుకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, అందులో ఇద్దరిదీ ఒకే మాట. ఏ వయసులో చేయించాలన్న దగ్గరే ఆమె ఒక గట్టున, నేను ఒక గట్టున నిలబడ్డాం. మధ్యలో రెండు కిలోలు కూడా లేని కుక్కపిల్ల, పక్షపాతం లేకుండా ఇద్దరి చెప్పులూ కొరుకుతూ కూర్చుంది.

మాది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం. కింద దుకాణం, పైన రెండు గదులు. అక్కకి యాభై ఒకటి, నాకు నలభై నాలుగు. ఇద్దరికీ పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని ఎవరైనా అడిగితే, "చూద్దాం చూద్దాం అనుకుంటూ ఉండగానే ఇంత వయసొచ్చేసిందండీ" అని అక్క నవ్వేది. నేను నవ్వేదాన్ని కాదు.

చూద్దాం. అది మా అక్క ఊతపదం. కొత్త ఇస్త్రీ బల్ల కొందామంటే చూద్దాం. పై గది గోడలకి సున్నం వేయిద్దామంటే చూద్దాం. బట్టలకి గుచ్చే చీటీల మీద ఎప్పుడిస్తామో ఆ తేదీ కూడా పెన్సిల్‌తోనే వేసేది, కావాలంటే చెరుపుకోవచ్చని. మరకల విషయంలో మాత్రం ఆమెని మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. గుడ్డని వెలుగులోకి ఎత్తి పట్టుకుని, ఇది టీ, ఇది తుప్పు, ఇది నిన్నటిది, ఇది పోయిన వారానిది అని చెప్పేది. ఇక నా సంగతంటారా, ఓపిక అనేది నా ఒంట్లో ఏ మూలా లేదు. పాలు పొయ్యి మీద పెట్టి, పొంగడంలేదేమని పాలనే తిట్టే రకం.

పిసరుని అక్కని అడక్కుండానే తెచ్చాను. అడిగితే ఏమంటుందో తెలుసు కదా. పొమెరేనియన్ పిల్ల. తెచ్చినప్పుడు అరచేతిలో పట్టింది, అందుకే ఆ పేరు. అమ్మినాయన దాని వయసు యాభై రోజులన్నాడు. అక్క రెండు రోజులు మొహం మాడ్చుకుని, మూడోరోజు దాని మెడకి దుకాణం చీటీ ఒకటి కట్టి, దాని మీద వచ్చిన తేదీ వేసింది. "ఇంట్లోకి వచ్చిన ప్రతిదానికీ ఓ చీటీ ఉండాలి" అంది. పిసరు ఆ చీటీని నమలబోతే తీసి గోడకి గుచ్చింది. ఆ రోజునుంచీ అది అక్క కుక్క కూడా అయింది.

చివరి ఇంజెక్షన్ వేసిన రోజున పశువుల డాక్టరమ్మ మాతో స్పష్టంగానే చెప్పింది.

"చిన్నజాతివి తొందరగా ఎదుగుతాయమ్మా. పెద్ద కుక్కలకైతే ఎముకలు గట్టిపడాలని ఏడాది దాకా ఆగమంటాం. దీనికి ఆ అవసరం లేదు. ఐదున్నర నెలలు నిండగానే తీసుకురండి. మొదటిసారి ఎదకి రాకముందే చేసేస్తే, పెద్దయ్యాక రొమ్ముల్లో గడ్డలు వచ్చే భయం చాలావరకు ఉండదు."

నాకు అంతకంటే ఏం కావాలి? బయటికి రాగానే, "ఐదున్నర నెలలు. రాసిపెట్టుకో" అన్నాను.

"పాలపళ్లే ఊడలేదే దానికి" అంది అక్క. "పళ్లూడని పసిదాన్ని తీసుకెళ్లి బల్ల మీద పడుకోబెడతామా? ఓ ఏడాది పోనీ. కాస్త ఒళ్లు పట్టనీ. నిదానమే ప్రధానం."

"ఆలస్యం అమృతం విషం."

"చూద్దాంలే."

ఆ తర్వాత దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లూ ఈ విషయంలో పండితులైపోయారు. ఇంట్లో ఎప్పుడూ కుక్కని పెంచనివాళ్లు మరీను. ఎదురుగా కారు మెకానిక్ ఉండేవాడు. నూనె మరకల చొక్కాలు పట్టుకొచ్చినప్పుడల్లా, "ఒక్కసారి పిల్లల్ని కననివ్వండక్కా, ఆ తర్వాత చేయించండి. ఆరోగ్యానికి మంచిది" అనేవాడు. ఆ మాట డాక్టరమ్మ దగ్గర అంటే ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఎవరండీ చెప్పింది? మంచీ లేదు, పాడూ లేదు" అంది. లెక్కల మాస్టారొకాయన ఎనిమిది నెలలన్నాడు. ఎందుకు ఎనిమిది అంటే చెప్పలేదు. అక్క అందరి మాటా వినేది. అందరి మాటకీ తలూపేది. నేను మాత్రం రోజూ గోడ మీది చీటీ వంక చూసి వేళ్లు మడిచేదాన్ని. ఇంకా యాభై రోజులు. ఇంకా నలభై. అక్కడికి నేనేదో గొప్ప లెక్క చూస్తున్నట్టు!

ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఓ పొద్దున, ఉతికి మడతపెట్టిన తెల్లదుప్పటి మీద ఎర్రటి చుక్క కనబడింది.

"వేలు తెగిందా?" అంది అక్క.

"నాకేం కాలేదు. నీకు?"

ఆమె తన పది వేళ్లూ చూసుకుంది. దుప్పటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. "పాతది కాదు. గంట కూడా కాలేదు" అంది. ఆ పక్క దిండు గలీబు మీద ఇంకో చుక్క. బల్ల కింద నేల మీద మరొకటి. కొండని తవ్వేవాళ్లలా ఇద్దరం వంగి వంగి చుక్కల వెంబడి పోతే, చివర్లో విప్పిన బట్టల కుప్ప మీద పిసరు కూర్చుని తీరిగ్గా తనని తాను నాకి శుభ్రం చేసుకుంటోంది.

"చన్నీళ్లు పట్రా" అంది అక్క. అలవాటు కొద్దీ ముందు మరక సంగతి చూసింది. తర్వాత దుప్పటి చేతిలో పట్టుకునే కుర్చీలో కూలబడింది. "ఐదు నెలలైనా లేవు కదే దీనికి!"

డాక్టరమ్మ పిసరుని చూసి, కార్డు తిరగేసి, "ఎదకొచ్చింది. ఎన్ని నెలలనుకుంటున్నారు?" అంది.

"నాలుగు నెలల ఇరవై రోజులు" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"ఇవాళ్టికి ఆరు నెలల పది రోజులు."

అక్క వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టింది. "లేదమ్మా, మేం తెచ్చుకున్న రోజు చీటీ మీద వేసి ఉంది."

"తెచ్చుకునే నాటికి దాని వయసెంత?"

"యాభై రోజు..." అని నేను అక్కడే ఆగిపోయాను.

"సరుకు మన చేతికొచ్చిన రోజే కదమ్మా మొదటి రోజు?" అంది అక్క, చాలా అమాయకంగా.

"బట్టలకైతే అంతేనమ్మా" అంది డాక్టరమ్మ.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముప్పై ఏళ్లుగా దుకాణంలో రోజులు లెక్కపెట్టిన తీరునే కుక్కపిల్ల వయసూ లెక్కపెట్టాం. అక్క వేసింది, నేను చూశాను. రోజూ చూశాను. అయినా నాకు తట్టలేదు. డాక్టరమ్మ మందలించలేదు. ఎదలో ఉండగా కత్తి పెడితే రక్తం ఎక్కువ పోతుందనీ, ఇది తగ్గాక రెండున్నర నెలలు ఆగి తీసుకురమ్మనీ చెప్పింది. ఇప్పుడు చేయించినా గడ్డల విషయంలో మేలే, మించిపోయిందేమీ లేదంది. కానీ వెళ్లేటప్పుడు మాత్రం గట్టిగా హెచ్చరించింది. "మూడు వారాలు మగకుక్క దరిదాపుల్లోకి రాకూడదు. పెద్ద కుక్కతో కడుపైతే ఇది కనలేదు. ప్రాణం మీదికొస్తుంది."

మెకానిక్ కుక్క పేరు దొర. దూడంత ఉంటుంది. అప్పటిదాకా కార్ల కింద పడుకుని నిద్రపోవడం తప్ప దానికి వేరే ఉద్యోగం ఉండేది కాదు. మర్నాటినుంచీ పొద్దున మేం తలుపు తీసేసరికి మా గడప ముందు తయారు. తరిమితే నాలుగడుగులు వేసి, మళ్లీ వచ్చి అక్కడే కూర్చునేది. వచ్చినవాళ్లు దాన్ని దాటుకుంటూ, "ఎవరమ్మా ఈ అల్లుడుగారు?" అని నవ్వేవాళ్లు. మెకానిక్ గొలుసు వేసి కడితే గొలుసు లాక్కుని వచ్చింది. ఆయనే సిగ్గుపడిపోయి, "ఇంత రసికుడనుకోలేదక్కా" అన్నాడు.

అవి మామూలు రోజులు కావు. దుకాణం తలుపు మూసి పని చెయ్యాలి. లోపల ఇస్త్రీ వేడి, బయట ఎండ వేడి. పిసరు లోపల కుదురుగా ఉండదు. పిట్ట కొంచెం కూత ఘనం, అది అరిచే అరుపుకి బయట దొర బదులు చెప్పేవాడు. నేను కాళ్లు కాలిన పిల్లిలా తలుపుకీ కిటికీకీ మధ్య తిరిగేదాన్ని. రెండు చొక్కాలు మాడ్చాను. ఎవరిదో పట్టు లంగా తీసుకెళ్లి మరొకరి మూటలో పెట్టాను. రెండోవారంలో ఓ మధ్యాహ్నం, ఎవరో తలుపు తీయగానే పిసరు బాణంలా బయటికి ఉరికింది. మా అక్క ఎప్పుడూ పరిగెత్తగా నేను చూడలేదు. ఆవేళ చెప్పులు వదిలేసి పరిగెత్తింది. రోడ్డు మధ్యలో పిసరుని ఎత్తి నెత్తి మీద పెట్టుకుంది. దొర రెండుకాళ్ల మీద లేచి ఆమె భుజాల మీద పంజాలు వేస్తే మోకాళ్ల మీద పడింది గానీ చేతులు మాత్రం దించలేదు. మెకానిక్ వచ్చి లాక్కుపోయేదాకా అలాగే ఉంది.

మోకాళ్లు చీరుకుపోయాయి. దూదితో తుడుస్తూ, నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు.

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చావు. నీ చూద్దాం వల్లే ఇదంతా. నా జీవితమంతా ఇంతే, నీ చూద్దాం కింద పడి నలిగిపోయింది."

అక్క పిసరు చెవుల మీది వెంట్రుకలు సరిచేస్తూ కూర్చుంది. ఆమె ఏమీ అనకపోతే నాకు ఇంకా ఒళ్లు మండేది.

ఆ మూడు వారాలూ గడిచాయి. దొర మళ్లీ కార్ల కిందికి చేరాడు. రెండున్నర నెలలు దగ్గరపడుతుంటే అక్క డాక్టరమ్మ చెప్పిన తేదీని కేలండర్ మీద పెన్సిల్‌తో రాసింది. వారం తిరక్కుండా చెరిపేసి, "ఉక్కగా ఉందే, కాస్త చల్లబడనీ" అని వచ్చేవారం రాసింది. మళ్లీ చెరిపింది. ఈసారి సాకు పిసరు అన్నం సరిగా తినలేదన్నది. నిజానికి అది ఆ పొద్దున నా చెప్పు లోపలి అట్ట మొత్తం తినేసింది, ఆకలెక్కడుంటుంది?

మూడోసారి చెరిపిన గుర్తు చూసినప్పుడు మేమిద్దరం పెద్ద దుప్పట్లు మడతపెడుతున్నాం. ఆ కొస ఆమె, ఈ కొస నేను పట్టుకుని, గుంజి, దగ్గరికి వచ్చి కొసలు కలిపి, మళ్లీ వెనక్కి వెళ్లే పని. ముప్పై ఏళ్లనుంచీ చేస్తున్నాం.

"ఇంకోసారి ఎదకొచ్చేదాకా ఆగుతావా?" అన్నాను. "మళ్లీ నడిరోడ్డు మీద మోకాళ్లు చీరుకుంటావా? అసలు నీ భయమేంటో ఒక్కసారి చెప్పవే! నీకు చేస్తున్నారా ఆపరేషన్?"

"అమ్మప్పుడూ ఇదే అడిగారు" అంది.

"ఏది?"

"ఎప్పుడు చేద్దామని." దుప్పటి గుంజింది. నేనూ గుంజాను. "ఒంట్లో రక్తం తక్కువుంది, పది రోజులు మందులు వేసి బలం పట్టాక చేద్దామా, ఇప్పుడే చేసేద్దామా అని అడిగాడు ఆ డాక్టరు. మామయ్య ఇంకా రైల్లోనే ఉన్నాడు. అమ్మ నొప్పికి నా చెయ్యి పట్టుకుని అరుస్తోంది. ఇప్పుడే చేసేయండి అన్నాను."

అప్పుడు నాకు పన్నెండేళ్లు. అక్కకి పందొమ్మిది. అమ్మ ఆ బల్ల మీదినుంచి లేవలేదన్నది నాకు తెలుసు.

"సంతకం పెట్టింది మామయ్య కదా?"

"నీకలా చెప్పమన్నాను."

"ఎందుకు?"

"పన్నెండేళ్లదానివి. రోజూ నా చేత్తో అన్నం తినాలి కదా నువ్వు." కొసలు కలపడానికి దగ్గరికి వచ్చింది. "సరిగ్గా పట్టుకో, అంచు నేల రాస్తోంది."

ఇన్ని నెలలుగా ఆమె చూద్దాం మీద నేను వేసిన వేళాకోళాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నా మీద నాకే అసహ్యం వేసింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "పది రోజులాగినా అంతేనేమో అక్కా" అన్నాను.

"అయ్యుండొచ్చు. కాకపోనూవచ్చు. తెలీదు కదే. అదే." దుప్పటిని బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. "తేదీ నువ్వెయ్యి. నన్నడక్కు. నేను వేసే ప్రతి తేదీ ఆ తేదీలాగే కనిపిస్తుంది నాకు."

నేను ఎదురుగా ఉన్న పెన్ను తీసుకుని, ఆ శుక్రవారం మీద గుండ్రంగా సున్నా చుట్టాను.

శుక్రవారం పొద్దున పిసరుకి తిండి పెట్టకూడదన్నారని అక్క కూడా ఏమీ తినలేదు. అడిగితే ఆకలి లేదంది. డాక్టరమ్మ పిసరుని తూచింది. రెండు కిలోల మూడు వందలు. గుండె విన్నది, చిగుళ్లు చూసింది. కోరపళ్ల దగ్గర రెండు పాలపళ్లు ఇంకా ఊడలేదనీ, ఎలాగూ మత్తులో ఉంటుంది కాబట్టి అవీ తీసేస్తాననీ చెప్పింది. "చిన్నజాతివాటికి ఇది మామూలే" అంది అక్క మొహం చూసి. తర్వాత ఒక కాగితం ముందుకు తోసింది. "మత్తు ఇస్తున్నాం కదా, మీకు తెలిసే, మీ ఇష్టంతోనే చేయిస్తున్నారని. ఎవరో ఒకరు సంతకం పెట్టండి."

నేను చెయ్యి చాచేలోపు అక్క కాగితం లాక్కుంది.

"నేను పెడతాను."

"కుక్క నాది కదక్కా."

"దేనికైనా మంచిది. రేపేదన్నా అయితే అది నా మీదే పోనీ. నాకలవాటే."

ఆ మాట ఆమె ఎంత మామూలుగా అందంటే, ఈ మూట నేను మోస్తాలే, నువ్వు గొడుగు పట్టుకో అన్నట్టు అంది. నేను ఆమె వేళ్లలోంచి పెన్ను తీసుకున్నాను. విడిపించుకున్నాననే చెప్పాలి, గట్టిగా పట్టుకుంది.

"ఇటివ్వు" అన్నాను. "ఇది నాది."

సంతకం పెట్టాను. మాడ్చిన చొక్కాలకి క్షమాపణ చీటీ రాసినంత తొందరగా పెట్టేశాను, ఆలోచిస్తే పెట్టలేనని. పిసరు డాక్టరమ్మ భుజం మీదినుంచి మమ్మల్ని చూస్తూ లోపలికి వెళ్లిపోయింది. తలుపు మూశారు.

గంటన్నర పడుతుందన్నారు. అక్క బయట బెంచీ మీద కూర్చుంది. నేను కూర్చోలేదు, తిరిగాను. తలుపుదాకా వెళ్లడం, వెనక్కి రావడం. అరగంట గడిచేసరికి ఆ కాగితం నా బుర్రలో పని చెయ్యడం మొదలుపెట్టింది. అక్క చెప్పినట్టు ఏడాది ఆగి ఉండాల్సిందా? అమ్మినాయన చెప్పిన యాభై రోజులు నిజమేనా? ఇంకో రెండువందల గ్రాములు పెరగనివ్వాల్సిందా? ఎవరు తొందరపెట్టారు నన్ను? ఎవరూ లేరు. నేనే. లోపల ఏదో గిన్నె కింద పడిన చప్పుడైతే తలుపు దగ్గరికి పరిగెత్తాను. గంటన్నర అయింది. గంటా ముప్పావు అయింది. ఎవరూ బయటికి రాలేదు. వెళ్లి అక్క పక్కన కూర్చున్నాను. ఆమె నా వైపు చూడలేదు, తలుపు వైపే చూస్తోంది. నేను ఆ సంతకాన్ని రెండు గంటలు కూడా మోయలేకపోయాను. ఆమె ముప్పై రెండేళ్లు మోసింది. మోస్తూనే నాకు జడలు వేసింది, అన్నం పెట్టింది, నా మాటలు పడింది.

"అక్కా" అన్నాను. ఆమె నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ తలకి కట్టుకున్న గుడ్డ విప్పుకుంటూ వచ్చింది.

"పళ్ల దగ్గర కాస్త ఆలస్యమైంది. బాగానే ఉంది. లేస్తోంది. తెలిసినవాళ్లు కనిపిస్తే బెదరదు, ఎవరో ఒకరు రండి. ఇద్దరూ వద్దు."

ఇద్దరం లేచాం. నేను మళ్లీ కూర్చున్నాను.

"నువ్వెళ్లక్కా."

"నీ కుక్క కదే."

"వెళ్లు."

ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుని, గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. తలుపు పూర్తిగా పడలేదు.

"ఇంతసేపా లేవడానికి?" అన్న అక్క గొంతు వినబడింది. చీటీ పోగొట్టుకుని వచ్చినవాళ్లని కసిరే గొంతది. కాసేపటికి మళ్లీ, చాలా నెమ్మదిగా, "ఇంతసేపా?" అంది.

ఆ తర్వాత ఏడ్చింది. అమ్మ పోయిన రోజున కూడా ఆమె ఏడవగా నేను చూడలేదు. పదిమందీ ఏం పిల్లమ్మా, రాయి అన్నారప్పుడు. ఇప్పుడు పరాయిచోట, అందరూ వింటుండగా, వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆ ఏడుపు మధ్యలో పిసరు సన్నగా మూలిగింది. నేను లేచి లోపలికి వెళ్లలేదు. ఆమెకి ఎంతసేపు కావాలో అంతసేపూ ఆ బెంచీ మీద కదలకుండా కూర్చున్నాను.